జమ్ము పక్క చుట్టుతొవ్వ

వినోద పొద్దంతా చీరలకు రాళ్లు అంటిస్తుంది. కిమ్ బజారులో సేఠు దుకాణం నుంచి మూట తెచ్చుకోవడం, గడప దగ్గరి వెలుతురులో కూర్చొని ఒక్కో పువ్వు నడుమ ఒక్కో రాయి పెట్టడం, సాయంత్రానికి వేళ్లకు ఎండిన గమ్ము గీక్కోవడం. అయిదున్నర కాగానే తల్లి రాజమ్మకు చాయ్ పోసిచ్చి, చెప్పులు చేతబట్టుకొని నది దిక్కు పోతుంది.

సూరత్‌కు ఉత్తరాన కిమ్ చిన్న బజారు ఊరు. బజారు దాటితే నది, నది వంపులో జమ్ముగడ్డి పెరిగిన చిత్తడి నేల. దాని చుట్టూ ఒక తొవ్వ. బయలుదేరిన కాడికే తిరిగి తెచ్చి దింపే తొవ్వ, నడిస్తే ముప్పావుగంట. కొంగలు, నీటికోళ్లు, గాలి ఇటు తిరిగితే దూరంగా సాంచాల చప్పుడు. సాంచాలంటే మరమగ్గాలు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చినోళ్లంతా ఇక్కడ వాటి మీదే బతుకుతారు.

ఆ తొవ్వ మట్టికి ఒక గుణం ఉంది. ఎవరైనా మనసుపెట్టి కొన్నాళ్లు దాని మీద నడిస్తే, వాళ్లు ఊరు విడిచి పోయినా వాళ్ల అడుగులు పోవు. వాళ్లు నడిచే వేళకు బురదలో ఒకటొకటిగా పడుతూ చుట్టంతా తిరిగి వస్తాయి. వాళ్ల మనసు ఇక్కడ ఉన్నన్ని దినాలు అట్లా తిరుగుతూనే ఉంటాయి. బుచ్చిరాములు తాత కొడుకు దగ్గరికి భివండి పోయి అప్పటికి మూడేండ్లయింది. పొద్దున ఆరింటికి ఆయన అడుగులు చేతికట్టె గుర్తుతో సహా బయలుదేరేవి. ఎదురొచ్చినవాళ్లు "జర జరుగుండ్రి, తాత వస్తుండు" అని తప్పుకునేవాళ్లు. పాలు పోసే గుజరాతీ ఆమె "కేమ్ ఛో, దాదా" అని పలకరించి పోయేది.

శివకృష్ణ ఎనిమిది సాంచాలు నడిపేవాడు. రాత్రి పాలీ, అంటే రాత్రి షిఫ్టు. పనికి పోయేముందు వినోదతో ఒక చుట్టు నడిచేవాడు. తొవ్వ ఇరుకు. పొడిగా ఉన్న నడుమ భాగం ఆమెకు విడిచి తను గడ్డి అంచున నడిచేవాడు. మూడు అడుగులు వేసి, ఎడమ మడమ కొంచెం తిప్పి పక్కకు చూసేవాడు. మళ్లీ మూడు అడుగులు, మళ్లీ ఆ చూపు. తన కోసమే అట్లా చూస్తాడని వినోద మురిసిపోయేది. లోకంలో ఇంకెవరికీ అట్లాంటి నడక ఉండదని ఆమె నమ్మకం. ఆ రెండేండ్లలో వాళ్లు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వెనక ఎవరు వస్తే వాళ్లకేంటి?

కరోనా వచ్చింది. సాంచాలు ఆగాయి. ఊరంతటికీ ఒక్కసారిగా చెవుడు వచ్చినట్టయింది. మే నెలలో శివకృష్ణ కడోదరా హైవే మీద లారీ పట్టుకున్నాడు.

"సాంచాలు మోగంగనే వస్త," అన్నాడు మాస్కు వెనక నుంచి.

"వట్టిదే."

"వట్టిదైతే నా అడుగుల్నే అడుగు."

పోలీసులు తొవ్వ మీదికి మనుషుల్ని రానిచ్చిన మొదటి రోజే వినోద పరుగున పోయింది. అయిదున్నరకు బురద కదిలింది. మూడు అడుగులు. తిరిగిన ఎడమ మడమ. మళ్లీ మూడు అడుగులు. ఆమెకు కండ్లనీళ్లు ఆగలేదు. మాస్కు గదుమ కిందికి గుంజి, ఆ అడుగుల పక్కన నడుస్తూ ముచ్చట్లు పెట్టింది. సేఠు రాళ్లలో సగం పగిలినవే ఇస్తున్నాడని, అమ్మకు మోకాళ్ల నొప్పులని, తను సన్నబడ్డదని. నవ్వింది కూడా. అట్లా రోజూ.

ఆషాఢంలో శివకృష్ణ ఫోన్ చేశాడు.

"వినోదా, నేనిగ సూరత్ రాను. సిరిసిల్లల పని దొరికింది. అమ్మ మన పెండ్లికి ఒప్పుకుంది. శ్రావణంల ముహూర్తం పెడ్తరట. నువ్వు, అత్తమ్మ బయలెల్లి రాండ్రి."

"గదేంది? మనసంత ఈడ పెట్టుకొని ఆడ పెండ్లి చేసుకుంటవా?"

"నా మనసు నాకు తెల్వదా?"

"తెల్వది. నీ అడుగులు దినాం తిరుగుతున్నయి. నిన్న గూడ చూసిన. నువ్వు వస్తవ్. నీకే ఇంకా సమజ్ కాలె."

"నా అడుగులేనా?" అన్నాడు శివకృష్ణ.

"ఎనిమిది వందల మందిల ఉన్నా పట్టుకుంట."

"అట్లనా..." అన్నాడు. మట్టి అబద్ధమాడదని అతనికీ తెలుసు. తన మీద తనకే అనుమానం వచ్చిన గొంతు అది.

రాజమ్మ అన్నది, "పోదాం బిడ్డా. మనిషి పిలుస్తుండు. మట్టి మాట పట్టుకొని కూసుంటవా?"

"నువ్వూకో అవ్వా. ఆయన్నే వస్తడు."

అతను దసరా దాకా చూశాడు. తన మనసు సూరత్ దిక్కు గుంజుతుందేమోనని రోజూ కనిపెట్టుకొని చూశాడట. గుంజలేదు. గుంజింది వినోద దిక్కే, ఆమేమో రాలేదు. కార్తీకంలో తల్లి చూసిన పిల్లను చేసుకున్నాడు. ఫోన్ చేసి తనే చెప్పాడు.

ఆ సాయంత్రం కూడా అడుగులు బయలుదేరాయి. వినోద వాటి వెంటబడి చుట్టంతా తిట్టింది.

"సిగ్గు లేదా? ఆడ పుస్తె గట్టి ఈడ తిరుగుతవా? నీ పెండ్లాం మొఖమన్న జూస్తున్నవా, లేదా?"

అడుగులు ఒక కాడ ఆగాయి. చాలాసేపు కదల్లేదు. వినోదకు అందులో ఒక చేదు సుఖం దొరికింది. పెండ్లయినా మనసు నా దగ్గరే ఉంది అనుకుంది. అట్లా ఇంకో యేడు గడిచింది. ఆ నడుమ రెండోసారి కరోనా వచ్చి ఎందరినో తీసుకుపోయింది. పొద్దున తొవ్వ మీద బుచ్చిరాములు తాత కట్టె గుర్తులు కనబడడం మానేశాయి. వినోదకు సంబంధాలు వచ్చాయి, పోయాయి.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఆమె పోయేసరికి తొవ్వ మీద ఒక మనిషి నడుస్తున్నాడు. ముప్పై దాటినవాడు, సన్నగా, భుజం మీద తువ్వాల. మూడు అడుగులు వేశాడు. ఎడమ మడమ తిప్పి పక్కకు చూశాడు. మళ్లీ మూడు అడుగులు. ఆ వేళకు పడాల్సిన అడుగులు ఎక్కడా విడిగా పడలేదు. పడ్డవన్నీ ఆ మనిషి కాళ్ల కిందే పడ్డాయి.

వినోద గబగబా అతని వెనక పోయింది. "ఎవలన్నా నువ్వు?"

"సదానందం. సూరత్ కాడి వడోద్ నుంచి వచ్చి ఈడ సాంచాల కార్ఖాన్ల పనిచేసిన. లాక్‌డౌన్ల ఊరికి పోయిన." ఆమె గొంతు వినగానే అతను నిలబడ్డాడు. "నువ్వేనా?"

"ఏంది నేనేనా?"

"మా ఊర్ల పొద్దుగూకే యాళ్లకు పత్తిచేను గట్టు మీద నడుస్తుంటే పక్కన ఎవరో నడిచినట్టుండేది. ఆడిమనిషి. మాటలు సమజ్ కాకపోతుండె గని, గొంతు తెలుస్తుండె. ముందుగాల్ల నవ్వేది. కార్తీకంల ఒకనాడు బాగ తిట్టింది. ఏం తప్పు చేసిన్నో తెల్వక ఆడ్నే కూలవడ్డ." అతను తల దించుకున్నాడు. "ఆ గొంతు ఎవరిదో తెలుసుకుందామనే మళ్లొచ్చిన. మా అన్న ఊర్లనే ఉండమన్నడు."

"గా నడక... గట్ల మడమ తిప్పుడు..."

"ఎనిమిది సాంచాలు నడిపేటోళ్లం అందరం గంతే. నాలుగు ముందట, నాలుగు ఎనక. మూడు అడుగులకోసారి ఎనక వరుసల పోగు తెగిందేమోనని చూసుడు. బయటికొచ్చినా కాలు మర్వది." తర్వాత మెల్లగా, "మీరిద్దరు నడుస్తుంటే నేను ఎనకనే వస్తుంటి. మీరు చూడలేదు" అన్నాడు.

వినోద ఎన్నడూ సాంచాల కార్ఖానాలో కాలు పెట్టలేదు. ఆడవాళ్లకు ఇంటి దగ్గరే పని.

"మరి శివకృష్ణ అడుగులు ఏవి?" అన్నది. ఎవరిని అడుగుతున్నదో ఆమెకే తెలియదు. అంటూనే తొవ్వ అంచు దిక్కు చూసింది. గడ్డి. రెండేండ్లు అతను బురద ఆమె కాళ్లకు అంటొద్దని గడ్డి మీదే నడిచాడు. గడ్డి ఎవరి అడుగునూ పట్టుకోదు. పెండ్లికి రమ్మని పిలిచినప్పుడు అతని మాటలో ఒక్క అబద్ధం లేదు. ఆమే అతని మనసు అతనికి తెలియదన్నది.

వినోద ఉన్నచోటే కూర్చుంది. ఏడుపు కూడా రాలేదు. జమ్ములోంచి ఒక నీటికోడి తొవ్వకు అడ్డంగా పోయింది.

సదానందం కొంచెం దూరంలోనే నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు. "నా వల్లనే ఆగమైతివి. రేపటి సంది నీకు కనవడ. నేను అటు దిక్కు నుంచి నడుస్త," అన్నాడు.

ఇంటికి పోయి చెబితే రాజమ్మ బియ్యం ఏరుతూ చెయ్యి ఆపింది. "మీ బాపు గూడ గట్లనే నడిచేటోడు, బిడ్డా. సాంచాల మీదికెల్లి వచ్చినోళ్లందరియి అయే కాళ్లు. నీకు తెల్సనుకున్న," అన్నది.

మర్నాడు అయిదున్నరకు వినోద కుడివైపు నుంచి బయలుదేరింది. సదానందం మాట తప్పని మనిషి, ఎడమవైపు నుంచి బయలుదేరాడు. గుండ్రటి తొవ్వ మీద చెరో దిక్కు పోతే తప్పించుకోవడం కాదు, నడుమ ఎదురుపడడమేనని అతనికి తోచలేదు. నది వంపు దగ్గర ఇద్దరూ ముఖాముఖి నిలబడ్డారు. పక్కకు తప్పుకోబోయి ఇద్దరూ ఒకే దిక్కు జరిగారు.

"కార్తీకంల తిట్టిన తిట్లు నీకు గావు," అన్నది వినోద, నేల చూస్తూ.

"ఎరుకే," అన్నాడు సదానందం. "ముందుగాల్ల నవ్వింది గూడ నాకు గాదు."

అతను దాటిపోయాడు. ఇంటికి ఇంకా సగం చుట్టు మిగిలి ఉంది. వినోద మెల్లగా నడిచింది.