తెల్లగా మిగిలిన వీధి

ఆ తుపాను హెచ్చరికల కార్యాలయంలో సముద్రానికి ఒక గది, వానకు ఒక గది ఉండేవి. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో లెక్కగట్టేటప్పుడు సముద్రపు గదివారు ఆకాశం నిర్మలంగా ఉందనుకునేవారు. వాన నీరు ఎటు పారుతుందో లెక్కగట్టేటప్పుడు వాన గదివారు సముద్రం ఎప్పటిలాగే ఉందనుకునేవారు. మునిగే చోట్లకు ఎరుపు వేసి, మిగతాది తెల్లగా వదిలి, ఎవరి పటం మీద వారు సంతకం చేసేవారు. జనాన్ని తరలించే బస్సులు ఎర్రటి వీధులకే వెళ్లేవి.

రెండు గదులకూ మధ్య, నడవాలో, ఒక ఉద్యోగిని బల్ల. తుపాను తీరానికి చేరువవుతున్న ఉదయం, ఎవరూ అడగకుండానే ఆమె రెండు లెక్కలనూ కలిపి చూసింది. ఆ లెక్కలో, సముద్రం లోపలికి రాకుండా కాలువ మూతికి పెట్టిన తలుపు ఉప్పెన తోపుకు మూసుకుపోయింది. వెనక కురిసిన వానకు బయటికి దారి లేకపోయింది. రెండు పటాల్లోనూ తెల్లగా ఉన్న పల్లపు వీధి నడుము లోతు మునిగింది. ఆ వీధిలోనే, కింది వాటాలో, ఆమె వదిన బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా బతుకుతోంది. అన్నయ్య పోయాక ఆమెకు నా అన్నవారు ఆ వదిన ఒక్కతే.

పై అధికారి శ్రద్ధగానే విన్నాడు. లెక్కలో తప్పు పట్టలేదు. అయితే కలిపిన పటం మీద సంతకం చేసే అధికారం ఏ గదికీ లేదన్నాడు. తానే చేస్తానంది. ఆయన నవ్వి, బల్ల గది కాదని గుర్తుచేశాడు.

వదినకు ఫోన్ చేసింది.

"మీ పటంలో మా వీధి మల్లెపువ్వులా ఉందటగా," అంది వదిన. "పటాన్ని నమ్మమంటావా, నిన్నా?"

"నన్ను."

"మోకాళ్లు అరిగినదాన్ని, బస్సా రాదు. నీ మాట నన్ను మోసుకెళ్తుందా, అమ్మాయీ?"

"నేను మోస్తాను, వదినా."

బల్ల విడిచి వెళ్లింది. పల్లపు వీధిలో ప్రతి తలుపూ తట్టింది. పటం ఏమంటోందని అందరూ అడిగారు. ఆమెకు అబద్ధం చేతకాక, తెల్లగానే ఉందంది. వదిన పక్క వాటాలో మంచం దిగలేని ముసలాయన, అవసరమైతే బస్సు రాకపోదని ధీమాగా చెప్పి పంపేశాడు. వదినను మేడమీది ఖాళీ గదికి ఎక్కించేసరికి తనే ఆయాసపడిపోయింది. ఎవరు ఎవరిని మోశారో తేలలేదని వదిన వేళాకోళమాడింది. ఇంకొకరిని తీసుకురావడానికి కిందికి దిగబోతే, మెట్లు అప్పటికే నీళ్లలో ఉన్నాయి.

ఆ వీధి మొత్తంలో ముసలాయన ఒక్కడే పోయాడు.

విచారణలో సముద్రపు గదివారు ఆ నీటిలో ఉప్పు లేదన్నారు. వాన గదివారు వాన తమ అంచనా దాటలేదన్నారు. రెండూ నిజమే. ఆమె విధుల్లో ఉండగా బల్ల విడిచిపోవడం ఒక్కటే తప్పుగా తేలింది. చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని అడిగారు.

"మా వదినకు ఇక్కడ ఆడపడుచు ఉంది, బతికింది. పక్క వాటాలో ఆయనకు ఎవరూ లేరు. మనిషి బతకాలంటే మీ ఆఫీసులో చుట్టం ఉండాలా?"

ఆ మాట ఎవరూ రాసుకోలేదు. ఆమె నడవాలోకి వచ్చింది. రెండు గదుల తలుపులూ మూసి ఉన్నాయి. మధ్యలో బల్ల లేదు. అది ఇన్నేళ్లూ ఉన్నచోట నేల తెల్లగా ఉంది.