ఓనరు లేని వంటశాల

మరుగుతున్న సాంబారు డేగిసా జారి వంటపని చేసే కొమురమ్మ కాళ్ల మీద పడింది. సినిమా షూటింగులకు భోజనాలు పెట్టే క్యాటరింగ్ కాంట్రాక్టరు వీరభద్రం పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, ముందు డేగిసాలోకి తొంగి చూశాడు.

"సగం నేలపాలు చేశావు కదే! ఇప్పుడు జూనియర్ ఆర్టిస్టులకి ఏం పొయ్యను?"

ఆమె నేల మీద పడి గిలగిల కొట్టుకుంటోంది. దవాఖానకు తీసుకుపోతాం, వ్యాను ఇమ్మని అడిగాం. అది హీరోగారి క్యారేజీలు వెళ్లే వ్యాను, వాసన పట్టుకుంటుంది అన్నాడా దుర్మార్గుడు! కాలిన మనిషి వాసనట! లైట్‌మన్‌ని నేను, ఈ చెవులతో విన్నాను. జూబ్లీహిల్స్ బంగళాల ముందు నుంచి ఆమెను చేతుల మీద మోసుకుంటూ, ఆటో దొరికేదాకా నడిచాం. ఒక్క గేటూ తెరుచుకోలేదు.

ఆ వారమే ఫిల్మ్‌నగర్ బస్తీ వెనక బండల మీద మీటింగు పెట్టాం. వండేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, మా లైట్‌మన్లు, అందరం వచ్చాం. ఒకడు వీరభద్రం కాళ్లు విరగ్గొడదామన్నాడు. ఇంకొకడు మందుల ఖర్చన్నా అడుగుదామన్నాడు. కట్లతో కూర్చున్న కొమురమ్మకు ఒళ్లు మండింది.

"అడుక్కునుడేంది? ఆని పైసలు నాకొద్దు. ఆని పొయ్యి ఆర్పుండ్రి. ఈ ఫీల్డుల ఎవ్వడూ ఆని బువ్వ ముట్టొద్దు."

"గదెట్లయితది?" అన్నాడు జూనియర్ ఆర్టిస్టు బాలనర్సయ్య.

"వండేటోళ్లం మేమే, తినేటోళ్లు మీరే. నడుమ ఆడెందుకు?" అంది వంట చేసే శకుంతలమ్మ.

మా వంటశాల అక్కడ పుట్టింది. ఎవరో ఒకరు ఓనరు ఉండాలి కదక్కా, నీ పేరు పెడదాం అన్నాడు బాలనర్సయ్య. శకుంతలమ్మ కొట్టినంత పని చేసింది.

"నన్ను ఇంకో వీరభద్రాన్ని చేస్తవారా? పని చేసిన ప్రతి చేతికీ వాటా. పనిల దెబ్బ తగిలినోళ్లకు ముందుగాల. లెక్క అందరి ముంగట."

టెంట్ హౌస్ నుంచి డేగిసాలు కిరాయికి తెచ్చాం. కూరగాయలు ఎర్రగడ్డ మార్కెట్‌లో కొన్నాం. మొదటి రోజు అందరూ ఓనర్లే కావడంతో పప్పులో అందరూ ఉప్పేశారు! జూనియర్లు మమ్మల్ని తిట్టుకుంటూనే తిన్నారు. మర్నాడు ఉప్పుకు ఒక మనిషిని ఓటేసి ఎన్నుకున్నాం. నవ్వకండి, మా మొదటి ఎన్నిక అదే.

వీరభద్రం అన్నం ముందు జూనియర్లు కంచాలు బోర్లించి కూర్చుంటే షూటింగ్ ఎలా కదులుతుంది? సినిమా కంపెనీలు ఒక్కొక్కటే మా దారికి వచ్చాయి. వీరభద్రానికి నిద్ర కరువైంది.

షేక్‌పేట వైపు గుట్ట మీద పెద్ద షూటింగ్. మా డేగిసాలు తన్నేస్తే జూనియర్లు గతిలేక తనదే తింటారని వ్యానులో సాంబారు పెట్టుకుని, మనుషులను వెంటేసుకుని వచ్చాడు వీరభద్రం. పొయ్యిల పక్కన ఖాకీ బట్టల గుంపు కనపడేసరికి ఇంకా రెచ్చిపోయాడు.

"చూస్తారేంట్రా! మీ సీఐగారు పంపలేదూ? ఈ దరిద్రపు మొహాల్ని ఈడ్చిపారేయండి!"

ఖాకీ గుంపు లేచింది. ముందున్నది బాలనర్సయ్య.

"మేం సీన్ల పోలీసులం సార్. బువ్వకొచ్చినం."

గుట్టంతా గొల్లుమంది. అతని మనుషులు జారుకున్నారు. మా చేతులు లేచాయి. కొమురమ్మ కుంటుకుంటూ అడ్డం వచ్చింది.

"కొట్టకుండ్రి. కూసోబెట్టుండ్రి. ఆని సాంబారే తీసుకరండ్రి."

గిన్నె మూత తీస్తే గుప్పుమని పులిసిన కంపు. ఆమే వడ్డించింది.

"తిను. ఏండ్లకేండ్లు మేం తిన్నం."

ఒక ముద్ద మింగి కక్కాడు. ఇంకోటి తినమంది. ఖాకీల నడుమ ఏడుస్తూ తిన్నాడు. నా కడుపు చల్లబడింది. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

అంతలో అసలు పోలీసులు దిగారు. ఓనరెవరని గద్దించాడు సీఐ.

"ఓనరు లేడు సార్. అందరం వాటాదారులం," అంది శకుంతలమ్మ. ఆమె రెక్క పట్టి వ్యానెక్కించారు. "నాకూ వాటా ఉంది" అని బాలనర్సయ్య ఎక్కాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఖాకీని ఖాకీ దించలేక సీఐ నెత్తి పట్టుకున్నాడు. వ్యానులో పట్టనివాళ్లం వెనకే నడిచాం.

స్టేషన్ ఎదురుగా రోడ్డు పక్కనే రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించాం. కొమురమ్మ బియ్యం కడుగుతోంది. అప్పుడు వచ్చారు వీరభద్రం దగ్గరి పెద్ద వంటమనిషి వీరయ్య, అతని కింది పనివాళ్లూ, తలలు దించుకుని. కంప్లయింటు ఇవ్వడానికి వచ్చిన వీరభద్రం స్టేషన్ మెట్ల మీది నుంచి అరిచాడు. "ఒరేయ్ వీరయ్యా! రేపు ఎవడు వండుతాడ్రా? వెనక్కి రా!"

వీరయ్య తిరిగి చూడలేదు. "అక్కా, మాకు పనిస్తరా?"

"పనియ్యం. వాటా ఇస్తం," అంది కొమురమ్మ, మెట్ల మీదికి వినపడేటట్టు. "చేతులు కడుక్కొని రా. లోపల మనోళ్లు ఆకలిగున్నరు."