నడిమిదాని వాటా

సియు మోయ్ మొగుడు పోయి చాలా ఏళ్లయినా ఆయనకింకా సమాధి లేదు. చైనాలోని మెయ్‌షియన్ కొండల్లో అందరూ చేసినట్టే ముందు పాతిపెట్టి, కొన్నేళ్లకు మట్టి తవ్వి, ఎముకలు కడిగి, కూర్చున్న మనిషిలా జాడీలో పేర్చారు. ఆ జాడీకి సమాధి కట్టాల్సిన పని అక్కడితో ఆగిపోయింది. జాడీ కొండచరియలో రేకు కింద ఎండకెండి వానకు తడుస్తోంది.

కారణం కొడుకులే. సమాధికి ఎడమవైపు కొండ ఎత్తుగా ఉంటే పెద్దవాడి వంశం, కుడివైపు ఎత్తుగా ఉంటే చిన్నవాడి వంశం వర్ధిల్లుతుందని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అక్కడ ఎత్తైన కొండ ఉత్తరాన ఉంది, కాబట్టి పెద్దవాడు టెట్ హిన్ తూర్పుముఖం కావాలంటాడు. చిన్నవాడు టెట్ ఖోంగ్ పడమరకే పెట్టాలంటాడు. సమాధులకు నేలా దిక్కూ చూసే చుంగ్ మాస్టారు ఏం చెప్పినా ఇద్దరిలో ఒకడు మూతి ముడుచుకుంటాడు. పండగపూట కూడా ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోరు. తను కన్ను మూసేలోగా ఆయన్ని మట్టిలో పెట్టి, కొడుకులిద్దరికీ ఒకచోట అన్నం పెట్టాలన్నదే ఆ ముసలమ్మ కోరిక.

ఈసారి సమాధులు ఊడ్చే చింగ్‌మింగ్ పండగ దగ్గర పడేసరికి ఆమెకు ఓపిక నశించింది. కొడుకుల్నీ మాస్టారినీ కొండెక్కించి, ఇద్దరికీ గొడవలేని దిక్కు ఒక్కటైనా లేదా అని నిలదీసింది. మాస్టారు దిక్సూచి పళ్లాన్ని అటూ ఇటూ తిప్పి నసిగాడు. దక్షిణంగా, చెరువుకేసి పెడితే దివ్యంగా ఉంటుందట. కానీ ఆ భాగ్యం నడిమి సంతానానికి పోతుందట. వాళ్లకు నడిమి కొడుకు లేడు కాబట్టి వృథా అన్నాడు.

"నడిమిది ఉందిగా మాస్టారూ, మా లన్ ఫా," అంది సియు మోయ్.

మాస్టారు కంగుతిన్నాడు. పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లను సమాధి లెక్కలో ఎవరూ వెయ్యరు. ఆడా మగా తేడా ఆ చెరువుకేం తెలుసని ముసలమ్మ అడిగితే ఆయన దిక్సూచి పళ్లాన్ని సంచిలో పెట్టేసుకున్నాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తనకు రాకపోతే పోయె, వాడికీ దక్కదు, అదే పదివేలు అనుకున్నారిద్దరూ. ఏళ్ల తగవు నిలబడ్డచోటే తేలిపోయింది.

పండగనాడు జాడీని చెరువుకేసి మట్టిలో పెట్టి, పందిని కాల్చారు, టపాకాయలు పేల్చారు. బియ్యప్పిండి రొట్టెల బుట్టతో వచ్చిన లన్ ఫా ఎప్పటిలాగే వెనక నిలబడబోయింది. టెట్ హిన్ పరుగున వచ్చి బుట్ట అందుకున్నాడు. టెట్ ఖోంగ్ అక్కను ముందుకు లాక్కొచ్చి, మంచి మాంసం ముక్కలన్నీ ఏరి ఆమె గిన్నెలో వేశాడు. అదృష్టం ఎటు పోతోందో తెలిశాక ప్రేమ దానంతటదే పుట్టుకొచ్చింది. గడ్డి మీద ముగ్గురూ ఒకే పళ్లెంలోంచి తింటుంటే ముసలమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తల్లి పక్కకు లన్ ఫా జరిగి గొంతు తగ్గించింది. "నన్నెందుకమ్మా లెక్కలో వేశావు?"

"నేను వెయ్యడమేంటే? నువ్వు అత్తారింటికి వెళ్లిన రోజు మీ నాన్న ఆ చెరువుగట్టు మీదే నిలబడ్డాడు. నువ్వు కనబడకుండా పోయినా అటే చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చూస్తాడు, అంతే."