ఓయెస్ వేసే అళగర్సామి

ముక్కుకు తువ్వాలు కట్టుకుని, అళగర్సామి పెయింటు బ్రష్షుతో కంప్యూటరు పెట్టె లోపలి దుమ్ము దులుపుతున్నాడు. తమిళనాడులోని ఈ రాజపాళయంలో దుమ్మంటే సగం దూదే. మిల్లుల నుంచి, బ్యాండేజీ గుడ్డ షెడ్ల నుంచి ఎగిరొచ్చిన పీచు ఫ్యాను రెక్కలకు చుట్టుకుని ఉంది. దాన్ని వేళ్లతో లాగి, ఉండ చేసి, పారేసే చోటు కనబడక చొక్కా జేబులో వేసుకున్నాడు. పరాయి ఇంట్లో చెత్త వేయడం అతనికి చేతకాదు.

యాభై రెండేళ్లు. వంగి వంగి పనిచేసి భుజాలు ముందుకు పడ్డాయి. స్క్రూడ్రైవరు జారి చీలిన ఎడమ బొటనవేలి గోరు మళ్లీ సరిగా రాలేదు. నూలు మిల్లు ఆఫీసులో ఉద్యోగం పోయాక పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నది ఇదే: మొరాయించిన పాత కంప్యూటర్లను పూర్తిగా తుడిచి, మళ్లీ విండోస్ ఎక్కించడం. ఊళ్లో దాన్ని ఓయెస్ వేయడం అంటారు కాబట్టి అతను ఓయెస్ వేసే అళగర్సామి అయ్యాడు. ఇంతకుమించి అతని గురించి తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు. పెళ్లి మాట ఎత్తేవాళ్లు కూడా పదేళ్ల కిందటే విసిగి ఊరుకున్నారు. అమ్మ పోయాక ఇంట్లో అతనితో తెలుగు మాట్లాడే మనిషే లేదు. ఇప్పుడు అందరికీ ఫోన్లే లోకం, నెలకు నాలుగు పిలుపులు వస్తే గొప్ప. అయినా అతనికో గర్వం మిగిలింది. ఇన్నేళ్లలో ఎవరి ఫైలూ పోగొట్టలేదు. మెచ్చుకునేవాళ్లు లేరు గనక రాత్రి పడుకునేముందు తనే కాస్త మెచ్చుకునేవాడు.

ఈ ఇల్లు అంబుజానిది. ఆమె భర్త హరికృష్ణన్ గది అవతలి గోడ పక్కన మంచం మీద ఉన్నాడు. క్యాన్సరు వచ్చి, స్వరపేటిక తీసేసి నాలుగు నెలలైంది. ఆపరేషనుకు ముందు పదిరోజులు ఆయన ఈ కంప్యూటరు ముందు కూర్చుని తన మాటలన్నీ రికార్డు చేసుకున్నాడట. పెళ్లినాటి సంగతులు, అమ్మ చెప్పిన కథలు, భార్యను పేరుపెట్టి పిలవడం. పోయినవారం కంప్యూటరు నీలంతెర చూపించి ఆగిపోయింది. ఇక రోజులే అని డాక్టరు చెప్పింది కూడా పోయినవారమే.

“ఆయన గొంతు అందులో ఉండాది తంబీ. అది మాత్రం ఎత్తిపెట్టు. తక్కినది ఏం పోయినా సరి,” అని చెప్పి అంబుజం మందుల షాపుకు వెళ్లింది.

అళగర్సామి తన పెన్‌డ్రైవుతో కంప్యూటరును నడిపించి, డిస్కులో ఉన్నవి చూశాడు. డిస్కు గరగరమంటోంది, ఎంతసేపు బతుకుతుందో తెలియదు. పెన్‌డ్రైవులో చోటూ తక్కువే. కావలసినవే ఏరుకోవాలి. ఆ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఫోల్డర్ల పేర్లు తమిళ అక్షరాల్లో ఉన్నాయి. ఆ వైపు తెలుగువాళ్లెవరికీ తెలుగు రాయడం రాదు, అళగర్సామికీ రాదు. కరెంటు బిల్లులు, ఆనంది పెళ్లి, అన్నీ దాటాక ఇంగ్లీషులో వాయిస్ అని ఒకటి కనబడింది. లోపల నలభై శబ్దాల ఫైళ్లు. అమ్మయ్య అనుకుని కాపీ చేశాడు. ఆ కంప్యూటరుకు స్పీకర్లు లేవు, విని చూడటం కుదరలేదు.

దాని కింద ఇంకొక పెద్ద ఫోల్డరు. పేరు తండం. తమిళంలో తండమంటే దండగ. చెత్తను చెత్త అని రాసిపెట్టుకునే బుద్ధిమంతులు ఎంతమంది ఉంటారని నవ్వుకున్నాడు. దాన్ని తెరవలేదు.

తుడిచేముందు రెండుసార్లు అడగడం అతని అలవాటు. మంచంవైపు తిరిగి, “గొంతు దొరికినాది అన్నా. తక్కినది తుడిచేదా?” అన్నాడు.

హరికృష్ణన్‌కు అక్కడినుంచి తెర కనబడదు. సూదులు గుచ్చి గుచ్చి వాచిన చేతులవి, మాట బదులు రాసి చూపే పెన్సిలు కూడా పట్టలేక రెండు వారాలైంది. ఆ చేతులనే కష్టంమీద ఎత్తి, కంప్యూటరువైపు చూస్తూ జోడించాడు. దించి, మళ్లీ జోడించాడు. పెద్దమనిషి తనలాంటివాడికి అంత మర్యాద చేస్తున్నాడని అళగర్సామికి కళ్లు చెమర్చాయి. తనూ దండం పెట్టాడు. పెట్టి, ఎంటర్ నొక్కాడు.

మధ్యాహ్నానికి విండోస్ ఎక్కింది. అంబుజం పక్కింటి పరమేశ్వరిని అడిగి స్పీకర్లు తెచ్చి, పొడుగు వైరు లాగి, భర్త తలగడ పక్కనే పెట్టింది. అళగర్సామి మొదటి ఫైలు నొక్కాడు. చిన్నపిల్ల గొంతు గుడ్‌మార్నింగ్ టీచర్ అంది. రెండోదీ అంతే, పదోదీ అంతే. అవన్నీ వాళ్లమ్మాయి ఆనంది బడిలో ఉన్నప్పటి ఇంగ్లీషు పాఠాలు.

“ఇది కాదు తంబీ. దండం అని పేరు పెట్టినాడే. పోయేవాడు అందరికీ చెప్పే దండం ఇది అన్నాడు.”

తమిళంలో త రాసినా, ద రాసినా అక్షరం ఒకటే. ఇందాక ఆయన చేతులెందుకు జోడించాడో అళగర్సామికి ఇప్పుడు అర్థమైంది. అబద్ధం చెప్పడానికి డిస్కు పాడైందన్న సాకు ఉంది. చెప్పలేకపోయాడు.

“నేను తండం అని చదివినాను అక్కా. చెత్త అనుకొని వదిలేసినాను.”

ఆమె కోప్పడలేదు. “మన మాటే కదా తంబీ అది,” అంది.

హరికృష్ణన్ ఈసారి చేతులెత్తలేదు. కళ్లు మూసుకున్నాడు.

పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేరును మూడు గంటలు నడిపాడు అళగర్సామి. మంచినీళ్లు కూడా ముట్టలేదు. పేర్లు లేని ముక్కలు కొన్ని దొరికాయి. నొక్కితే అన్నీ గరగరే. ఒకదాంట్లో మాత్రం, ఎవరో మాట మొదలుపెట్టబోతూ ఊపిరి తీసుకున్న చప్పుడు. అంతే, మళ్లీ గరగర. అంబుజం ఇంకోసారి పెట్టమంది. అలా నాలుగుసార్లు పెట్టించుకుంది. ఐదోసారి అడగబోయి భర్త ముఖం చూసి, వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టింది.

నాలుగున్నరకు వీధివాళ్లు వచ్చారు. పరమేశ్వరి అంబుజాన్ని పట్టుకుంది. ఎవరూ అళగర్సామిని ఏమీ అనలేదు, అని ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది. ఇక ఏ ఇంట్లోనూ ఎంటర్ నొక్కలేనని అతనికి తెలిసిపోయింది. సామాను సంచి తీసుకుని, చెప్పులు వెతుక్కుని, బయటికి నడిచాడు.

హరికృష్ణన్‌ను వసారాలోకి మార్చారు. ఖాళీ మంచం మీద, తలగడ పక్కన, ఎవరూ ఆపని స్పీకరు పచ్చదీపంతో వెలుగుతూనే ఉంది.