బోడగుట్ట పెళ్లి ఆల్బం

బోడగుట్టను కంపెనీవాళ్లకు చూపించింది ఫొటో మురళే అని ఊళ్లో ఇప్పటికీ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. చూపించాడు. దగ్గరుండి ఎక్కించాడు, కాలు ఎక్కడ జారుతుందో చెప్పి చెయ్యి అందించాడు, నీళ్లు పోసి మరీ రంగు చూపించాడు. కాకపోతే ఊరికి సగం మాట చాలు. తక్కిన సగం ఎవరైనా చెప్పబోతే ఆవలిస్తుంది.

మురళీమోహన్‌ది మర్రిగూడ దగ్గరి ఊరు. తాతల నాటి నుంచి మగ్గం ఉన్న ఇల్లు. తండ్రి వెంకటనర్సు నూలుకు రంగులు అద్దేవాడు. మురళి మాత్రం కెమెరా పట్టి, తెలంగాణ వచ్చిన ఏడాది బస్టాండుకు ఎదురుగా స్టూడియో తెరిచాడు. పాస్‌పోర్ట్ ఫొటోలు, పెళ్లిళ్లు, పెద్దమనిషి ఫంక్షన్లు, అప్పుడప్పుడూ చచ్చిపోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేయడం. ఆ ప్రాంతం ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. అందుకని అతను ఎవరినీ నవ్వమనేవాడు కాదు. "నోరు మూసుకొని నవ్వుండ్రి" అనేవాడు. అందరూ అలాగే నవ్వేవాళ్లు. అతనూ అలాగే నవ్వుతాడు.

తర్వాత ప్రతి చేతిలోకీ ఫోను వచ్చింది. స్టూడియోకి వచ్చేవాళ్లు తగ్గారు. చేతిలో కెమెరా, చేతినిండా ఖాళీ. అలాంటి రోజుల్లో ఒక జూన్ సాయంత్రం బోడగుట్ట దగ్గర వాన పట్టుకుంటే, మురళి ఒక బండ కిందికి దూరి కూర్చున్నాడు.

బోడగుట్ట పేరుకు తగ్గట్టే ఉంటుంది. గుడి లేదు, కోట లేదు. భువనగిరి గుట్టలా ఎక్కి సెల్ఫీలు దిగేంత ఎత్తూ లేదు. మేకలు ఎక్కుతాయి, పొద్దున్నే చెంబులు పట్టుకుని మనుషులు వెళ్తారు, అంతే. ఆ గుట్ట తడిసేసరికి రంగు తేలింది. ఎండలో బూడిదలా ఉండే బండ లేత గులాబీ రంగులోకి తిరిగింది. అందులో నల్లటి జీరలు మగ్గం మీద పడుగు పరిచినట్టు సాగిపోయాయి. బండ అంచున నారింజ రంగు నాచు మచ్చలు, పగుళ్లలో గోరంత ఆకులతో మొక్కలు, కింద తడి మట్టిలో ఎర్రటి ఆరుద్ర పురుగులు. నలభై ఐదేళ్లు ఆ గుట్ట పక్కనే తిరిగి ఒక్కసారి కూడా తల తిప్పి చూడనందుకు మురళికి సిగ్గేసింది.

ఆనాటి నుంచి అదే పని. వాన లేకపోతే క్యానులో నీళ్లు తీసుకుపోయేవాడు. అద్దకం ఇంట్లో పుట్టినవాడికి తడి రంగు వేరు, పొడి రంగు వేరు అని ఎవరూ చెప్పక్కర్లేదు. బిందెల దగ్గర కొట్టుకున్న ఊరు, బండకు నీళ్లు పోసేవాణ్ణి ఏమనాలో అదే అన్నది. ఇంట్లో భార్య సంధ్య ఇంకో నాలుగు కలిపింది.

"గుట్టకు తానం పోసొచ్చినవా? సాంబ్రాణి పొగ గూడ ఏసి రాకపోయినవ్."

నవ్వనివాడు ఒక్కడే, శ్రీశైలం. అయిదో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహం. గుట్ట కిందే అతనికి నాలుగెకరాల చెల్క ఉంది, వానను నమ్ముకుని పత్తి వేస్తాడు. తన బండి మీద మురళిని ఎక్కించుకుని, ఒళ్లో క్యాను పెట్టించి గుట్ట దాకా తెచ్చేవాడు. మురళి కెమెరా పట్టుకుని బోర్లా పడుకుంటే నీళ్లు పోసేది శ్రీశైలమే.

"జర సన్నగ పొయ్యిరా. గట్ల కుమ్మరిస్తే మెరుపు లేస్తది, రంగు కనవడదు."

"పోస్తున్న గదా. తీసుకో నీ రంగు."

తీసిన ప్రతి ఫొటోనూ కెమెరా వెనక చిన్న తెర మీద చూసేవాడు శ్రీశైలం. "మంచిగున్నదిరా" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట అనేవాడు కాదు. మురళికి ఆ మాట చాలు. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే సగం ఫొటోలు తీశాడు.

మూడేళ్లయ్యాక మురళి ఒక పిచ్చి పని చేశాడు. పెళ్లిళ్లకు చేసే కరిజ్మా ఆల్బం, ఆ అట్టలాంటి మందపు పేజీలది, బోడగుట్టకు చేయించాడు. నలభై పేజీలు. అట్ట మీద వధూవరుల పేర్లు ఉండాల్సిన చోట బంగారు అక్షరాలతో గుట్ట పేరు. సంధ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పింది.

"పెండ్లిపిల్ల గీమెనా? అందరి మొఖాలు తెల్లగ చేస్తవ్, గీమెకు చేయకపోతివి" అన్నది. కానీ మూసేటప్పుడు చీర కొంగుతో అట్ట తుడిచి మూసింది.

శ్రీశైలం ఆల్బం అంతా చూసి, "నాలుగు రోజులు నా దగ్గరుంచుకుంటరా" అని అడిగాడు. ఆడపిల్లను ఎవరో అడగ వచ్చినంత పొంగిపోయాడు మురళి. పాత చీర గుడ్డలో చుట్టి ఇచ్చాడు. నాలుగు రోజులు నెలన్నర అయినా అడగలేదు. చూసుకుంటున్నాడు పాపం, చూసుకోనీ అనుకున్నాడు.

ఒక ఆదివారం శ్రీశైలం స్టూడియోకి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"హైదరాబాద్ నుంచి ఒక సార్ వస్తున్నడురా. రాంచందర్ అని. రాళ్లంటే పాణమిచ్చే మనిషి. నీ ఆల్బం చూసి ఒక్కసారన్న గుట్ట చూడాలె అంటున్నడు. నువ్వే చూపియ్యాలె."

మురళి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండు క్యాన్లు నింపాడు. రాంచందర్ కారు దిగి, మురళితో పాటు గుట్ట ఎక్కి, సంచిలోంచి తన సీసా తానే తీశాడు. మూతకు సన్నటి చిల్లు పెట్టిన సీసా. బండ మీద సన్నగా నీళ్లు చిమ్మి, మోకాళ్ల మీద కూర్చుని, చిన్న టార్చి వేసి, మొహం ఆనించినంత దగ్గరగా చూశాడు. నీళ్లు ఎలా పోయాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిన మనిషిని మురళి జన్మలో మొదటిసారి చూశాడు. పక్కనే ఉన్న శ్రీశైలం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. శ్రీశైలం చెయ్యి విడిపించుకోలేదు.

రాంచందర్ కారు తాళంతో బండను టకటకా కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఇన్నాళ్లూ తాను చూడటమే కానీ వినలేదు కదా అని మురళి నొచ్చుకున్నాడు కూడా.

"ఇదే రంగు ఎంత దూరం పోతుందండీ?"

"అటు నూరడుగుల దాక గిదే రంగు సార్. ఒక్క పగులుండదు. గా మూల దాటినంక జీర జర సన్నగైతది. వెనక దిక్కు ఇంకా మంచిగుంటది, రాండ్రి చూపిస్త."

వెనక దిక్కు చూపించాడు. ఏ బండ కింద ఎంత లోతున ఇదే రాయి కనపడుతుందో చూపించాడు. మూడేళ్లు బోర్లా పడుకుని నేర్చుకున్నదంతా మూడు గంటల్లో ఒలకబోశాడు. చివర్లో తనకు ప్రాణమైన చోటికి, పగుళ్ల నిండా పచ్చటి మొక్కలు మొలిచిన చోటికి తీసుకుపోతే రాంచందర్ అటు ఒక చూపు విసిరి, "ఇక్కడ పగుళ్లున్నాయి" అని వెనక్కి తిరిగాడు. రాయి మీద అంత మనసు పెట్టినవాడికి మొక్కల మీద ఎందుకుంటుందిలే అని మురళే సర్ది చెప్పుకున్నాడు. మోసపోయేవాడు మోసగాడికి ఎంత సాయం చేస్తాడో, మోసగాడికే తెలియదు.

రెండు నెలల తర్వాత బండల మీద తెల్ల సున్నంతో గీతలు, నంబర్లు కనపడ్డాయి. ఆ మరుసటి వారం పంచాయితీ ఆఫీసు ముందు షామియానా వేశారు. గుట్టను గ్రానైట్ కంపెనీకి ఇవ్వడానికి ఊరికి అభ్యంతరం ఉందా లేదా అని గ్రామసభ. మురళి వెళ్లేసరికి అధికారి పక్క కుర్చీలో రాంచందర్ కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఫైలు, దాని పక్కన పెళ్లి ఆల్బం.

మురళికి మొదట వచ్చింది కోపం కాదు. ఆల్బం దొంగతనమైందేమో, శ్రీశైలానికి తెలుసో లేదో, పాపం వాడెంత బాధపడతాడో అనుకున్నాడు. ఆ ఒక్క ఆలోచన తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సర్పంచ్ అరుణమ్మ, "ఎవరికన్న అభ్యంతరముంటే చెప్పుండ్రి" అన్నది. మురళి లేచి చెయ్యెత్తాడు. అతనొక్కడే.

"ఏముంది ఆ గుట్ట మీద? చెట్లా, చెరువా, గుడా?" అధికారి అడిగాడు. ఎకసెక్కంగా కాదు, రాసుకోవడానికే.

"గవేవీ లేవు సార్. కానీ చానా ఉన్నయ్. ఆల్బంల చూడుండ్రి, నేనే తీసిన."

తానే వెళ్లి ఆల్బం తెరిచాడు. ఆరుద్ర పురుగులు లేవు. ఎండకు మెడ ఎర్రబడ్డ తొండ లేదు. పగుళ్ల మొక్కలు, నాచు, గడ్డిపూలు, దేని పేజీ దానికి బ్లేడుతో కోసేసి ఉంది. నలభైలో పదిహేను మిగిలాయి, అన్నీ తడి బండలే. వాటి మీద బాల్‌పెన్నుతో రాతలు. "అటు నూరడుగులు గిదే రంగు. పగులు లేదు." "గీ మూల దాటినంక జీర సన్నం." "వెనక దిక్కు ఇంకా మంచిది." ఆ రోజు గుట్ట మీద తన నోటి నుంచి వచ్చిన మాటలే. చేతిరాత శ్రీశైలానిది. అయిదో తరగతి నుంచి చూస్తున్న చేతిరాత, పొరపాటు పడటానికి లేదు.

మురళి నిలబడ్డ చోటే బల్ల అంచు పట్టుకున్నాడు.

"మురళిగారూ, మాకు దగ్గరుండి చూపించింది మీరే కదండీ" అన్నాడు రాంచందర్, మర్యాదగానే. "రిపోర్టులో మీ పేరు కూడా రాశాం, స్థానికుల సహకారం అని."

షామియానా కింద అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. మురళి మాత్రం మూడో వరసలో కూర్చున్న శ్రీశైలాన్ని చూశాడు. "వానికి తెల్వదు సార్" అని శ్రీశైలం ఒక్క మాటంటే చాలు. అంతకన్నా అక్కర్లేదు. ఆ ఒక్క మాటంటే పేజీలు కోసింది కూడా మరిచిపోయేవాడేమో.

శ్రీశైలం లేచి నిలబడ్డాడు.

"అవును సార్. మురళే చూపిచ్చిండు. నేను యెంటున్న."

అభ్యంతరం ఒక్కటే అని రాసుకున్నారు. సంతకాలు మొదలయ్యాయి. మొదటి సంతకం ఎవరిదో మురళి చూడలేదు, చూడాల్సిన పనీ లేదు. ఆల్బం అడిగితే ఫైలుతో పాటు ఉండాలన్నారు. ఉత్త చేతులతో బయటికి వచ్చాడు.

బయట వేపచెట్టు కింద శ్రీశైలం బండి తీసి నిలబడి ఉన్నాడు. రోజూ లాగే.

"ఎక్కు. ఇంటికాడ దింపుత."

మురళి ఎక్కలేదు. పేజీలు ఎందుకు కోశావని అడిగాడు.

"పురుగులు, తొండలు చూస్తే ఆఫీసరు సవాలక్ష అడుగుతడని" అన్నాడు శ్రీశైలం. చూపు హ్యాండిల్ మీదే ఉంది. "నా చెల్కల నుంచి లారీలకు తొవ్వ కిరాయికి తీసుకుంటరు. మా పిలగాడు శివకుమార్‌ను సూపర్‌వైజర్‌గ పెట్టుకుంటమన్నరు. గా పత్తి మీద ఇంకెన్నేండ్లు బతకాలెరా? గా గుట్ట రాయిలకెల్లి ఊరిన నీళ్లు తాగే మన పళ్లు గిట్లయినయ్. మా బాపు నడుం వంగి వంగి సచ్చిపోయిండు. నీకు గదే గుట్ట పెండ్లిపిల్ల లెక్క కనవడ్డది. నాకెన్నడు కనవడలే."

"మంచిగున్నదిరా అంటివి గదా, ప్రతిసారి."

"నువ్వు మంచిగ తీస్తివి. గందుకే అన్న."

మురళి చెప్పేశాడు. చెప్పకపోతే ఆ మాట లోపలే కుళ్లిపోయేది.

"గుట్ట అమ్ముకున్నవని కాదురా. నీ కష్టం నాకు తెల్వదా. ఆనాడు గా సార్ బండ మీద నీళ్లు పోస్తుంటే, నా అసొంటోడు లోకంల ఇంకొకడున్నడని నేను ఏడ్సిన. నీ చెయ్యి పట్టుకొని ఏడ్సిన. నువ్వు చూసుకుంట నిలవడ్డవ్. గప్పుడన్న చెప్పకపోతివి."

శ్రీశైలం అప్పుడు తలెత్తి అతని మొహంలోకి చూశాడు. అందులో సిగ్గు లేదు, కోపమూ లేదు. లెక్క తెలిసినవాడు తెలియనివాడికి చెప్పినట్టు, నిదానంగా అన్నాడు.

"చెప్తే నువ్వు గంత మంచిగ చూపిస్తుంటివారా?"

శ్రీశైలం బండి స్టార్ట్ చేసుకుని ఒక్కడే వెళ్లిపోయాడు.