రెండో రోజు చూడని ప్లేటు

ఇంక్యుబేటర్ తలుపు తీస్తే ముఖానికి వెచ్చగా తగులుతుంది... పొదుగుతున్న కోడి కింద చెయ్యి పెట్టినట్టు.

లోపల వరసగా ప్లేట్లు. నెత్తురు కలిపిన ఎర్రటి జిగురు. ఒక్కో ప్లేటు మీద ఒక్కో నిండు చూలాలి దగ్గర తీసిన నమూనా.

తల్లిని ఏమీ అనని క్రిమి అది. జ్వరం లేదు, నొప్పి లేదు. పుట్టేటప్పుడు బిడ్డకి అంటుకుంటుంది. కొందరు బిడ్డల్ని వదలదు. ముందే తెలిస్తే నొప్పులు మొదలవగానే తల్లికి సెలైన్‌లో మందు ఎక్కిస్తారు.

ఉందో లేదో చెప్పడమే ల్యాబులో నా పని.

క్రిమి ఉంటే ప్లేటు మీద చుక్కలుగా పెరిగి, చుట్టూ ఉన్న ఎరుపుని తినేస్తుంది. మొదటి రోజు చూడాలి. ఏమీ కనిపించకపోతే మళ్ళీ లోపల పెట్టి, రెండో రోజూ చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ మాట నేర్పేది నేనే.

ఆ వారం ఇంక్యుబేటర్‌లో సూది దూరే సందు లేదు. మొదటి రోజు శుభ్రంగా ఉన్నవాటిని తీసి పారేసే డబ్బాలో పడేశాను. "లేదు" అని రాసేశాను.

అందులో నా మరదలిదీ ఒకటి.

"మా అక్క కంట పడితే బియ్యంలో రాయి కూడా తప్పించుకోలేదు," అని తమ్ముడు నవ్వాడు. మరదలు ఆ కాగితాన్ని మడిచి భద్రంగా దాచుకుంది.

నాలుగు రోజులకే నొప్పులు వచ్చాయి. తెల్లవారకముందే ఆడపిల్ల.

పొద్దున డబ్బా ఖాళీ చేస్తున్నాను. మరదలి నంబరున్న ప్లేటు చేతికొచ్చింది. సన్నటి బూడిదరంగు చుక్కలు... ఒక్కోదాని చుట్టూ ఎరుపు కరిగిపోయి —

అప్పుడే ఫోన్ మోగింది. పాప ఊపిరి తీసుకోలేకపోతోందట.

ఆసుపత్రికి ఎలా వెళ్ళానో నాకే తెలియదు.

పిల్లల డాక్టరు అడుగుతున్నాడు, తల్లి పరీక్షలో ఏమొచ్చిందని.

"ఏమీ లేదండీ. మా అక్కే చూసింది." తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఉద్యోగం గుర్తొచ్చింది. సిగ్గుమాలినదాన్ని — అప్పుడు కూడా నాకు ఉద్యోగమే గుర్తొచ్చింది.

అద్దం అవతల పాప డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఉంది డాక్టర్ గారూ," అన్నాను. "రెండో రోజు నేను చూడలేదు... ఉంది."

డాక్టరు నర్సుని కేకేస్తూ లోపలికి పరుగెత్తాడు.

తమ్ముడు చెయ్యి వెంటనే తియ్యలేదు. వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

తర్వాత తీశాడు.

భుజం మీద ఆ చోటు ఇంకా వెచ్చగానే ఉంది...