కనబడీ కనబడని దీపం

నేను ఒక కంప్యూటర్ తెరను. మానిటర్ అంటే మీకు తేలిగ్గా తెలుస్తుంది. నాకు కళ్ళు లేవు. నా వెలుగు ఎంతమేర పడితే అంతమేర లోకం నాకు తెలుస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం, అతని భుజాల వెనక గోడ, గోడ మీద క్యాలెండరు, అంతే. నా వీపు వెనక ఏం జరుగుతుందో ఎన్నడూ ఎరగను. అందుకేనేమో, పుట్టినప్పటినుంచీ నాకు అనుమానం పాలు ఎక్కువ.

ఎక్కడో సముద్రాల అవతల, తలకు టోపీలూ చేతులకు తొడుగులూ వేసుకున్న అమ్మాయిలు నన్ను కూర్చారు. తెల్లగా వెలిగించారు, ఎర్రగా వెలిగించారు, చివరికి మొత్తం నల్లగా చేశారు. ఒకమ్మాయి ఆ నలుపు దగ్గరగా ముఖం పెట్టి చాలాసేపు చూసింది. చెడిపోయిన చుక్క ఎక్కడైనా మెరుస్తుందేమోనని వెతకడమట. అలా లోకంలో నాకు జరిగిన మొదటి మర్యాద అనుమానించడం. ఏమీ దొరకనందుకు ఆ అమ్మాయి చిన్నగా నవ్వి నా అంచు తుడిచింది. ఆ తుడవడం నాకింకా గుర్తుంది.

ఓడలో కాకినాడ చేరి ఒక ఫొటో స్టూడియోలో కుదిరాను. అక్కడ నా పని పెళ్ళి ఆల్బములు. చామనఛాయ పెళ్ళికూతుళ్ళు వచ్చి పక్కన నిలబడి, "ఇంకాస్త తెలుపు చెయ్యండి" అనేవారు. ఇంకాస్త చేస్తే ఇంకాస్త అనేవారు. ఆఖరికి నాలో కనబడే పిల్ల ఎవరో, నా పక్కన నిలబడ్డ పిల్ల ఎవరో తెలిసేది కాదు. తమ ముఖాన్ని తామే నమ్మనివాళ్ళు నన్ను మాత్రం ఎలా నమ్ముతారులే అనుకునేదాన్ని. కొన్నేళ్ళకు స్టూడియోవాళ్ళు నాకంటే పెద్ద తెర కొనుక్కుని, నన్ను పాత సామాన్ల కొట్టుకి ఇచ్చేశారు.

ఆ కొట్టు నుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నవాడు నూకరాజు. స్కూలు బస్సు డ్రైవరు. వెంట కూతురు దేవిక. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పుకునే అమ్మాయి. ఆ డబ్బుతో కంప్యూటర్‌లో ఆడే దెయ్యాల ఆట ఒకటి కొనుక్కుంది. ఆ ఆట సరిగ్గా కనబడే తెర కోసం వచ్చారు. దేవిక నన్ను నల్లగా చేయించి అటుతిప్పీ ఇటుతిప్పీ చూసింది. ఇదీ అనుమానం మనిషే అనుకుని సంతోషించాను.

"ఇంకేం చూత్తావే? బానే ఉందిగా" అన్నాడు నూకరాజు. ఆయన నాకేసి సరిగ్గా చూడనైనా లేదు.

జగన్నాథపురంలో రెండు గదుల మేడ వాటా వాళ్ళది. ఆ ఆదివారం భోజనాలయ్యాక దేవిక కిటికీలకు దుప్పట్లు కట్టింది. ఆ ఆట చీకట్లోనే ఆడాలట. నూకరాజు తెల్లవారకముందే లేచి బస్సు తియ్యాలి కనక రాత్రిపూట కూర్చోలేడు. అందుకని పట్టపగలే రాత్రిని తయారు చేసుకున్నారు.

ఆట మొదలుకాకముందు సర్దుకోవలసినవి బోలెడు. నీడలు చిక్కగా పెడితే వాళ్ళ పాత కంప్యూటరు ఆయాసపడుతుంది, పలచగా పెడితే భయం పుట్టదు. దేవిక చాలాసేపు ఆలోచించి, అద్దాల్లో ప్రతిబింబాలు తీసేసింది, చెట్ల ఆకులు తగ్గించింది, అలా మిగిలిన బలమంతా నీడలకీ పొగమంచుకీ ఇచ్చింది. తల తిప్పినప్పుడు బొమ్మ అలుక్కుపోయే ఏర్పాటు మాత్రం ఆపేసింది, నాన్నకి కళ్ళు తిరుగుతాయని. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న దేవిక తల్లి నాగవేణి ఇదంతా చూసి, "భయపడ్డానికి ఇంత సరంజామా ఎందుకే? మీ మేనత్తకి ఫోను చెయ్యి, సరిపోద్ది" అంది. మేనత్త అంటే నూకరాజుకి సొంత అక్క. అయినా ఆయనే ముందు నవ్వాడు.

అన్నిటికంటే చివర వెలుతురు సర్దడం. నల్లటి తెర మీద మూడు దీపాల బొమ్మలు వస్తాయి. మొదటిది స్పష్టంగా కనబడాలి, రెండోది కనబడీ కనబడనట్టుండాలి, మూడోది అసలు కనబడకూడదు. అలా కుదిరేదాకా మీట జరపాలి. దేవిక మీటని మూడో అంకె దగ్గర ఆపి, రెండోది కనబడతందా నాన్నా అని అడిగింది. "ఏ రెండోదే?" అన్నాడాయన. హాస్యమాడుతున్నాడనుకుని ఆమె ఆట మొదలుపెట్టేసింది.

నా అనుమానం అక్కడ పుట్టింది. నా వెలుగు ఆయన ముఖం మీదే ఉంది. ఆ ముఖంలో హాస్యం లేదు.

పాడుబడిన ఆసుపత్రిలో టార్చిలైటు పట్టుకుని తిరగడం ఆట. నడపడం నూకరాజు పని, దారి చెప్పడం దేవిక పని. ఒక వరండా మలుపులో, ఎడమపక్క తలుపు చాటునుంచి తడిజుట్టు ఆడమనిషి ఒకతె వచ్చి ముఖం మీదికి వంగింది. దేవిక కుర్చీ మీద కాళ్ళు పెట్టేసుకుంది. గుమ్మంలో నాగవేణి చేతిలో చిక్కుడుకాయ జారిపోయింది. నూకరాజు రెప్ప కూడా వెయ్యలేదు, తిన్నగా నడుచుకుంటూ పోయాడు. మా నాన్నది ఇనప గుండె అని కూతురు మురిసిపోయింది. ఆయనా నవ్వాడు. కానీ ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది, తనను దేనికి మెచ్చుకుంటున్నారో వెతుక్కున్నట్టు.

ఆమె మంచినీళ్ళకని లేవగానే ఆయన చెయ్యి గబగబా మీట దగ్గరికి పోయి వెలుతురు పెంచింది. అది చాలక నా అడుగు అంచున ఉన్న బొత్తాలు కూడా తడిమి నా సొంత వెలుగూ పెంచాడు. కూతురి అడుగుల చప్పుడు వినబడేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అక్కడినుంచి ఆ ఇంట్లో అందరికీ అందరిమీదా అనుమానమే. దేవిక వెలుతురు తగ్గించడం, ఆమె అటు తిరగగానే పెరిగిపోవడం. మొదట ఆట తనంతట తాను మారుతోందనుకుంది. తర్వాత అనుమానం కంప్యూటరు మీదికి పోయింది. అక్కడా ఏమీ దొరక్క ఆ అనుమానం నా మీద పడింది, కొట్టువాడు పుచ్చు సరుకు అంటగట్టాడని. నన్ను సంచీలో పెట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళారు. అతను వెలిగించి చూసి, తెరకేం రోగం లేదన్నాడు. వాడుకున్నన్నాళ్ళు వాడుకుని ఇప్పుడు మార్చుకోడానికొచ్చారా అని అతనికి వీళ్ళ మీద అనుమానం. మాటా మాటా అనుకున్నాక, చివరికి నాకు కొత్త వైరు ఒకటి ఇచ్చి పంపించాడు.

నాగవేణిది వేరే దారి. తనంతట తాను వెలుతురు మారుతోందంటే ఆమెకు ఒకటే అర్థం. ఇంట్లోకి దెయ్యాల బొమ్మలు తెచ్చుకుంటే దెయ్యాలు ఊరుకుంటాయా అని, ఒక నిమ్మకాయా నాలుగు మిరపకాయలూ గుచ్చి నా నెత్తిన కట్టింది. పెళ్ళికూతుళ్ళని వెలిగించినదాన్ని, ఆఖరికి దిష్టి తీయించుకునే స్థితికి వచ్చాను.

నేను మాత్రం నూకరాజునే కనిపెట్టుకుని ఉన్నాను. నా ఎడమ మూల ఏదైనా చూడాలంటే మిగిలినవాళ్ళు కళ్ళు తిప్పుతారు. ఆయన మెడంతా తిప్పేవాడు. ఒకరోజు బస్సుకి ఎడమవైపు అద్దం పగిలిందని చెప్పాడు. సైకిలువాడెవడో అడ్డం వచ్చాడట. నాగవేణి గుండె మీద చెయ్యి వేసుకుని, సైకిలతనికి దెబ్బలేమైనా తగిలాయా అని అడిగింది. ఆయన స్నానానికని లేచిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం దేవిక మంచినీళ్ళకని లేచింది గాని వంటింట్లోకి పోలేదు, తలుపు పక్కనే ఆగింది. నా వెలుగు అంచున ఆమె పాదాలు నాకు కనబడుతూనే ఉన్నాయి. నూకరాజుకి కనబడలేదు. ఆయన చెయ్యి ఎప్పటిలాగే మీట మీదికి పోయింది. ఆ పాదాలు కదలలేదు.

ఆమె ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది గాని, ముఖంలో లెక్క కుదరని తనం ఉంది. నిజమే మరి. దెయ్యం ముఖం మీదికి వచ్చినా బెదరని మనిషికి దొంగతనంగా వెలుతురెందుకు? పిరికివాడైతే ఉలిక్కిపడాలి. ధైర్యవంతుడైతే చీకటికి జంకకూడదు. రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయి?

"నాన్నా, మొదటినుంచీ మళ్ళీ సర్దుదాం" అని మూడు దీపాల బొమ్మ తెచ్చింది. మీట కొంచెం కొంచెం దించుతూ కనబడతందా అని అడగడం, ఆయన కనబడతందనడం. దించింది. కనబడతంది. ఇంకా దించింది. కనబడతంది. అప్పుడు ఆమె వేలు నా అడుగున ఉన్న బొత్తాం మీదికి వచ్చి నన్ను ఆర్పేసింది. ఆరిపోయాక నా అంచున వెలిగే చిన్న ఎర్రదీపాన్ని కూడా బొటనవేలితో మూసేసింది.

వెలుగు పోతే నాకు చూపు పోతుంది, వినికిడి మిగులుతుంది. పక్కనున్న స్పీకర్లలో ఆటలోని గాలి హోరు వినబడుతూనే ఉంది. 

"రెండో దీపం కనబడతందా నాన్నా?"

"ఆఁ. లీలగా."

ఇన్నేళ్ళలో నేను చూపించనిది నాలో చూశానన్నవాడు ఆయనొక్కడే. ఆ క్షణాన ఆ గదిలో చూపులేనివాళ్ళం ఇద్దరం. ఆయన సంగతి నాకు తెలుసు, నా సంగతి ఆయనకు తెలియదు.

ఆమె అరవలేదు. మెల్లగా చెప్పింది, తెర ఆపేశాను నాన్నా అని.  ఆయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. సంక్రాంతి దాటినప్పటినుంచీ పక్కలు మసకగా ఉంటున్నాయట. తెల్లవారుజామున చీకట్లో రోడ్డు అంచు తెలియడం లేదట. సైకిలువాడెవడూ లేడు, అద్దం స్కూలు గేటు స్తంభానికే రాసుకుందట. డాక్టరు దగ్గరికి వెళితే బస్సు నడపనివ్వరని వెళ్ళలేదు.

"ఒక్క ఏడాది లాగిస్తే నీ చదువైపోద్దనుకున్నానే."

గుమ్మం దగ్గర నాగవేణి గాజుల చప్పుడు ఆగిపోయింది. దేవిక అడిగింది.

"రేపు పొద్దున్న ఆ బస్సులో నేను రెండో క్లాసు పిల్లనై కూర్చుంటే, తీత్తావా నాన్నా?"

కాలేజీలో చేరాక చాలావరకు వదిలేసిన తండ్రి యాస ఆమె నోట మళ్ళీ పలికింది.  బల్ల మీద చిన్న లోహపు చప్పుడొకటి అయింది. ఆమె బొత్తాం నొక్కి నన్ను వెలిగించేసరికి నా ముందు బస్సు తాళం ఉంది.

మర్నాడు ఆ బస్సు వేరే డ్రైవరు నడిపాడు. కంటి ఆసుపత్రిలో నూకరాజుకి నీటికాసులన్నారట. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపును అంచులనుంచి తినేస్తుందట. పోయింది తిరిగి రాదు, చుక్కలు వేసుకుంటే మిగిలింది నిలబడుతుందని చెప్పారు. నూకరాజు ఆ కబురు తెచ్చినప్పుడు పోయినదాని గురించి ఒక్క మాట, మిగిలినదాని గురించి పదిమాటలు చెప్పాడు. స్కూలుకి తనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. గెంటేస్తారనుకుంటే, షెడ్డులో ఉండి బస్సులు బయల్దేరేముందు ఇంజన్ల చప్పుడు విని చూడమన్నారు. జీతం తగ్గింది. అయినా ఇప్పుడు ఆయన పొద్దున్నే పాటేదో గొణుక్కుంటూ వెళుతున్నాడు. ఇదివరకు ఆ గొణుగుడు లేదు.

నాగవేణి నిమ్మకాయ తియ్యలేదు, కొత్తది కట్టింది. దొంగను పట్టించింది అదేనని ఆమె నమ్మకం. ఆ ఘనత నాదని చెప్పడానికి నాకు నోరు లేదు.

ఆదివారాలు ఆట సాగుతూనే ఉంది. వెలుతురు మీట ఇప్పుడు తొమ్మిది దగ్గర ఉంటుంది. మూడు దీపాలూ పండగలా వెలుగుతాయి. తడిజుట్టు మనిషి మిట్టమధ్యాహ్నం కూరగాయలకు వచ్చినదానిలా కనబడుతుంది. తండ్రి లేనప్పుడు ఒక్కతే ఆడుకున్నా దేవిక ఆ మీట కదపదు. ఎడమనుంచి ఏదైనా వచ్చే ముందు, "నాన్నా, ఎడంపక్క" అంటుంది. ఆ మాటకి ఆయన ఉలిక్కిపడతాడు. ఇనప గుండె కరిగి మామూలు గుండె అయింది. నాకు అదే బాగుంది.

నాకూ వయసు మీద పడింది. ఈ మధ్య నా ఎడమ అంచున లోపలి దీపాలు ఆరిపోయి, ఒక జానెడు మేర చీకటి పట్టింది. దేవిక చూసి, దీని పని అయిపోయింది, కొత్తది చూసుకుందాం అంది. పాత ఇనప సామాన్ల బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా నా ప్రాణం ఝల్లుమంటోంది.

నూకరాజు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కంటిచుక్కల సీసా ఎప్పటిలా నా పాదం దగ్గర పెట్టాడు. మెడ తిప్పకుండా తిన్నగా చూసి కూతురితో అన్నాడు.

"ఇంకేం చూత్తావే? బానే ఉందిగా."

ఆ చీకటి కనబడక అన్నాడో, కనబడే అన్నాడో. ఆ ముఖం మీద నా వెలుగు పడుతూనే ఉంది. ఎంత వెతికినా తేలడం లేదు. ఈ ఒక్క అనుమానం తీరకుండా ఉంటేనే నాకు బాగుంటుంది.